ఆరు డిగ్రీలు

మా బావకి నేను అబద్ధం చెప్పలేదు. కొలిచిందే చెప్పాను. ఈ మాట ముందే ఎందుకు అంటున్నానంటే, ఇదంతా విన్నాక నన్ను ఎలా తిట్టాలో మీరు తేల్చుకోవాలి కదా. అబద్ధాలకోరుని తిట్టడం సుళువు. నాలాంటివాణ్ణి తిట్టడానికి సరైన మాట నాకైతే ఇంకా దొరకలేదు. నాలుగేళ్లుగా వెతుకుతున్నాను.

అది ఎనభై నాలుగు. నాకు ముప్పై ఏళ్లు. వన్ టౌన్‌లో, పోర్టు గోడకి రెండు సందుల ఇవతల, ఒకప్పుడు గోనెసంచుల గోడౌనుగా ఉన్న భవనంలో మా ల్యాబు ఉండేది. ల్యాబు అంటే ఎక్కువ ఊహించుకోకండి. డాక్టర్ జ్ఞానశేఖర్ గారనే ఫిజిక్సు పండితుడు, ఐటీఐ చదివి ఆయన కింద టెక్నీషియన్‌గా చేరిన నేను, మధ్యాహ్నం అయ్యేసరికి పోర్టునుంచి గాలికొచ్చి మా ఇద్దరి ముఖాల మీదా పేరుకునే ఖనిజం దుమ్ము. అంతే. ఏదో ట్రస్టు వాళ్లు సార్ మీద నమ్మకంతో ఆ గదీ, మా జీతాలూ ఇస్తుండేవారు.

మా దగ్గర ఒక యంత్రం ఉండేది. ఎవరో ఫౌండ్రీ వాళ్లు ఇనుము కరిగించడానికి వాడుకుని, పాతబడ్డాక వేలంలో పారేసింది. దాని ముందు రాగి గొట్టాన్ని చుట్టలుగా తిప్పిన కాయిల్ ఉంటుంది. అందులో కరెంటు సెకనుకి లక్షలసార్లు అటూ ఇటూ తిరుగుతుంది. ఆ కాయిల్ మధ్య వేలు పెడితే ఏమీ తెలియదు. ఇనప మేకు పెడితే మాత్రం మంట లేకుండానే ఎర్రగా కాలిపోతుంది.

సార్ ఆలోచన ఆ మేకు దగ్గర మొదలైంది. ఇనప లవణాల్లో అమ్మోనియా పోసి, కళ్ల నీళ్లు కారుస్తూ, మేమొక నల్లటి పొడి తయారుచేసేవాళ్లం. ఎంత సన్నం అంటే, నీళ్లలో కలిపితే అడుక్కి దిగకుండా సిరాలా నిలిచి ఉండేది. ఆ సిరాని సూదితో క్యాన్సర్ గడ్డలోకి ఎక్కించి, మనిషిని కాయిల్ మధ్య పెడితే, గడ్డ ఒక్కటే లోపలనుంచి వేడెక్కాలి. ఒంటి వేడి ముప్పై ఏడు. నలభై మూడు దగ్గర గడ్డ చస్తుంది, మంచి కండ తట్టుకుంటుంది. అంటే కావలసింది ఆరు డిగ్రీలు. ఆ పొడి ఆరు డిగ్రీల వేడి పుట్టించగలదా లేదా అని కొలవడమే మా ఉద్యోగం.

కొలిచే పద్ధతిలో గొప్పేమీ లేదు. గాజు గొట్టంలో కొంచెం సిరా, చుట్టూ వేడి పోకుండా థర్మాకోల్, లోపల థర్మామీటరు, చేతిలో స్టాప్ వాచీ. మిషన్ వేసి పది నిమిషాలపాటు అరనిమిషానికోసారి అంకె చదివి రాసుకోవాలి. తర్వాత అదే గొట్టంలో ఉత్త నీళ్లు పోసి మళ్లీ మొత్తం చెయ్యాలి. కాయిల్ దగ్గర ఎలాగూ కొంత వెచ్చదనం ఉంటుంది కాబట్టి, నీళ్లు ఎంత వేడెక్కాయో అది తీసేస్తే మిగిలిందే పొడి చేసిన పని. సిరా పని సార్ ఎదురుగా చేసేవాణ్ణి. నీళ్ల పని నేనొక్కణ్ణే చేసేవాణ్ణి. నీళ్లని చూడ్డానికి ఆయనెందుకు కూర్చుంటారు?

మాకు జర్మనీ నుంచి వచ్చిన పాదరసం థర్మామీటరు ఒకటి ఉండేది. డిగ్రీలో పదోవంతు కూడా చూపించేది. నీలం మఖమల్ పరిచిన చెక్కపెట్టెలో పడుకుని బీరువాలో ఉండేది. సిరాకి అదే వాడేవాణ్ణి. నీళ్లకి మాత్రం, స్కూళ్లలో వాడే ఎర్ర స్పిరిట్ థర్మామీటరు పెట్టేవాణ్ణి. అలా చెయ్యమని నాకెవరూ చెప్పలేదు. మా అమ్మ రామలక్ష్మమ్మ చుట్టాలొస్తే తప్ప మంచి గ్లాసులు అటక మీదనుంచి దించేది కాదు. ఇంట్లోవాళ్లం సొట్టగ్లాసుల్లోనే తాగి పెరిగాం. అదే బుద్ధి. కుళాయి నీళ్లకి జర్మనీ థర్మామీటరా? చెయ్యి జారి పగిలితే మళ్లీ ఎవడు తెస్తాడు? నేనేదో పొదుపరిననీ, వస్తువు విలువ తెలిసినవాణ్ణనీ లోపల్లోపల గర్వంగా కూడా ఉండేది. పుస్తకంలో అంకెలు రాసేవాణ్ణి గానీ, ఏ అంకె ఏ థర్మామీటరు చెప్పిందో రాసేవాణ్ణి కాదు.

జనవరి మొదటి వారంలో కొత్త పొడి పెట్టాం. పది నిమిషాలయ్యేసరికి పాదరసం ఆరు డిగ్రీల పైన మూడు గీతలు ఎక్కింది. నీళ్లు అర డిగ్రీ కూడా ఎక్కలేదు.

"మళ్లీ చెయ్యి గవర్రాజూ" అన్నారు సార్.

నాలుగుసార్లు చేశాను. నాలుగుసార్లూ అదే. ఆయన నీళ్ల అంకెలున్న పేజీ తిప్పి, చాలాసేపు చూశారు. నీళ్లు కదలలేదు గనక పద్ధతిలో తప్పు లేదని ఆయన లెక్క. ఆ లెక్క సరైనదే, నేను సరైనవాణ్ణి అయ్యుంటే. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకున్నారు. తర్వాత, "ఇది ఎవరికీ చెప్పకు. ముందు ఎలకలు, తర్వాత డాక్టర్లు, తర్వాత మనుషులు. ఇంకా మూడు నాలుగేళ్ల పని" అన్నారు.

నేను ఆ ఆదివారమే చెప్పేశాను.

బావంటే మా అక్క పోతమ్మ మొగుడు ఎల్లాజీ. అక్కని మావైపు అప్ప అంటాం. మాది సబ్బవరం దగ్గర పల్లె. మా నాన్న పోయాక నన్ను ఊరినుంచి తెచ్చి, తన ఇంట్లో పెట్టుకుని ఐటీఐ చదివించింది ఈ బావే. పోర్టులో ఖలాసీ. ఓడలకి వేలాడే తాళ్ల నిచ్చెన మీద, చేతిలో సామానుతో, ఎవరితోనో పరాచికాలాడుతూ ఎక్కేవాడు. ముందటి వర్షాకాలంలో ఆయన ఎడమ పిక్క మీద గట్టిగా ఒక బుడిపె లేచింది. ఏదో దెబ్బ తగిలిందనుకున్నాం. అది నిమ్మకాయంత అయ్యాక ఆసుపత్రికి తీసుకెళ్లాను. ప్రేమలీల అనే సర్జనమ్మ ముక్క తీసి పరీక్ష చేయించి, క్యాన్సర్ అని చెప్పింది. కాలు తొడ దగ్గర తీసెయ్యాలంది. "ఇప్పుడు తీస్తే కాలితోనే పోతుంది, ప్రాణానికి భయం లేదు" అని మరీ మరీ చెప్పింది. జనవరి ఇరవై మూడున వచ్చి చేరమంది.

ఆ ఆదివారం నేను వెళ్లేసరికి బావ గుమ్మంలో కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు.

"ఏటిరా, మొకం ఎలిగిపోతంది? సంబంధం కుదిరిందేటి?" అన్నాడు.

"ఆరు డిగ్రీలు వచ్చింది బావా."

"జరమా?"

నాకు నవ్వొచ్చింది. కూర్చుని అంతా చెప్పాను. నల్ల సిరా, కాయిల్, మేకు, నలభై మూడు. బావకి మేకు బాగా అర్థమైంది. అప్ప వంటింటి గుమ్మం దగ్గర చేటతో నిలబడి వింది.

"అయితే కొయ్యక్కర్నేదేటి?" అన్నాడు బావ.

"అక్కర్నేదు. గడ్డ ఒక్కటే లోపల ఉడికి సచ్చిపోద్ది. కాలు కాలులాగే ఉంటాది."

"డాటరమ్మ ఇరవై మూడుని రమ్మంది కదరా" అంది అప్ప. "ఎల్లాలా, వద్దా? సదూకున్నోడివి, నువ్వే సెప్పు."

ఇక్కడ నేను 'నాకు తెలియదు' అనొచ్చు. 'ఇంకా మూడు నాలుగేళ్లు పడుతుందట' అనొచ్చు. కానీ జీవితంలో మొదటిసారి ఆ ఇంట్లో నన్ను సలహా అడిగారు. బావ నా వైపు చూస్తున్నాడు, ఆ చూపులో పరాచికం లేదు. "కాలు నేని ఖలాసీకి పోర్టులో ఏటి పనుంటాదిరా? గేటు కాడ కూకోబెట్టి దణ్ణాలెట్టించుకుంటారు" అన్నాడు మెల్లిగా.

"నాను సెప్తన్నాను కదా. ఆగండి. నాలుగైదు నెల్లు ఆగండి" అన్నాను.

ఆగారు. ఇరవై మూడో తారీకున బావ ఆసుపత్రికి బదులు పనికి వెళ్లాడు.

సార్‌ని ఎలాగో ఒప్పించి బావని మొదటి రోగిగా పెట్టించాలని నా ఎత్తు. మార్చిలో ఒకరోజు, మాటల్లో పెట్టి, మొదట ఎవరి మీద చేస్తామని అడిగాను. "వేరే దారేమీ మిగలనివాడి మీద" అన్నారు సార్. "కొయ్యడానికి వీలున్నవాణ్ణి ఆపి ఇందులో కూర్చోబెడితే అది వైద్యం కాదు గవర్రాజూ, హత్య." ఆ మాట విని కూడా నేను ఇంటికెళ్లి అన్నం తిన్నాను. ఆయనకి జాగ్రత్త ఎక్కువ, ఎలకల పని అయ్యాక మారతారులే అనుకున్నాను. ఆరు డిగ్రీలు నా వెనక ఉన్నాయి కదా.

బావ పిక్క మీద గడ్డ పెరుగుతూనే ఉంది. ఏప్రిల్‌కి ప్యాంటు పట్టక లుంగీతో పనికి పోయేవాడు. మే నెలకి నిచ్చెన ఎక్కడం మానేసి కింద తాళ్లు పట్టుకునేవాడు. పొడిదగ్గు ఒకటి పట్టుకుంది. ఖనిజం దుమ్మే అనుకున్నాం, ఆ సందుల్లో దగ్గనివాడెవడు? నేను వెళ్లినప్పుడల్లా, "ఎంతవరకూ వచ్చిందిరా మన మిషను?" అని అడిగేవాడు. మన మిషను అనేవాడు. పక్కవాళ్లకి కూడా అలాగే చెప్పేవాడు.

జూన్ రెండోవారంలో ఆసుపత్రి డాక్టర్లు ముగ్గురు మా కొలతలు చూడ్డానికి వస్తామన్నారు. వాళ్లకి చూపించడానికి పట్టిక మొత్తం కొత్తగా తయారుచెయ్యమన్నారు సార్. ఆయన బయటికి వెళ్లారు. నేను నీళ్లతో మొదలుపెట్టబోతే, స్పిరిట్ థర్మామీటరు బల్ల అంచు తగిలి పగిలింది. బజారుకెళ్లే టైము లేదు. ఒక్కసారికి ఏమవుతుందిలే అనుకుని, జర్మనీ థర్మామీటరుని తెచ్చి కుళాయి నీళ్లలో పెట్టాను.

నీళ్లు ఆరు డిగ్రీలు వేడెక్కాయి.

గొట్టం కడగలేదేమో, అడుగున పొడి ఉండిపోయిందేమో అనుకున్నాను. కొత్త గొట్టం తీశాను. కుండలో తాగే నీళ్లు పోశాను. ఆరు. స్వేదనజలం పోశాను. ఆరున్నర. తాళం వేసి మెయిన్ రోడ్డు దాకా దాదాపు పరిగెత్తి, ఎర్ర స్పిరిట్ థర్మామీటరు కొత్తది కొని తెచ్చి, అయిదు నెలలుగా మేము దాచుకున్న ఆ నల్ల సిరాలో పెట్టాను. పది నిమిషాలు. అర డిగ్రీ.

పాదరసం కూడా లోహమే కదండీ. కాయిల్ మధ్య మేకు ఎలా కాలుతుందో అదీ అలాగే వేడెక్కింది. స్పిరిట్ లోహం కాదు గనక అది వేడెక్కలేదు. ఆ థర్మామీటరు అయిదు నెలలూ తన వేడిని తనే కొలుచుకుంది. నీళ్లకీ దాన్నే వాడివుంటే మొదటి రోజే బయటపడేది. సిరా ఆరు, నీళ్లు ఆరు, తీసేస్తే సున్నా. నేను మంచి వస్తువుని మంచి పనికి దాచాను. మా పొడిలో ఏమీ లేదు.

మర్నాడు పొద్దున్నే సార్‌కి చెప్పాను. ఆయన కేకలెయ్యలేదు, వేస్తే బాగుండేది. పుస్తకం మూసి, డాక్టర్లని రావద్దని కబురు పంపించి, కిటికీ దగ్గర నిలబడ్డారు. అక్కణ్ణుంచే, "ఎవరికైనా చెప్పావా దీని గురించి?" అని అడిగారు.

"లేదు సార్" అన్నాను.

ఇది అబద్ధం. మొదట్లో అన్నది బావ సంగతి, సార్ సంగతి కాదు.

ఆ రోజే పరిగెత్తాలి నేను బావ దగ్గరికి. పరిగెత్తలేదు. పొడి మార్చి చూద్దామన్నారు సార్, కరెంటు పెంచి చూద్దామన్నారు. పద్దెనిమిది రోజులు చూశాం. ఆ పద్దెనిమిది రోజులూ పొద్దున్నే స్పిరిట్ గీత వైపు చూస్తూ, ఎక్కవే, ఎక్కవే అని బతిమాలాను. ఎక్కితే నేను చెప్పింది నిజమైపోతుంది, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు. నా పిరికితనానికి అదే పెద్ద ఆశ. ఒకటిన్నర డిగ్రీ దగ్గర ఆగిపోయింది.

అప్పుడు వెళ్లి కూడా నిజం చెప్పలేదు. "మిషను ఆలస్యమయ్యేలా ఉంది బావా, ఆపరేషన్ చేయించేసుకుందాం" అన్నాను.

"ఇన్నాళ్లు ఆగి ఇప్పుడేటిరా బయపడతన్నావు?" అన్నాడు బావ. అయినా నా మొహం చూసి లేచాడు.

శనివారం పొద్దున్న ఆసుపత్రికి తీసుకెళ్లాను. ప్రేమలీల డాక్టరమ్మ కాలు చూసి, ఛాతీకి ఎక్స్‌రే రాసింది. ఫిల్ము వచ్చాక వెలుతురుకి పెట్టి, నన్ను దగ్గరికి పిలిచింది. రెండు ఊపిరితిత్తుల్లోనూ తెల్లటి మచ్చలు. ఎన్నో.

"జనవరిలో ఎందుకు రాలేదు?" అని అడిగింది.

నేను ఫిల్ము మీద మచ్చలు లెక్కపెట్టబోయాను.

"ఇప్పుడు కాలు తీసి ఉపయోగం లేదు. ఆయన్ని ఆ బాధ కూడా పెట్టొద్దు" అంది. తర్వాత బయటికొచ్చి, బెంచీ మీద ఉన్న బావ భుజం మీద చెయ్యేసి, "ఆపరేషన్ అక్కర్లేదండీ. నొప్పికి మందు రాస్తాను. ఇంటికెళ్లి మీకు ఇష్టమైనవి తినండి" అంది.

బావ ఆవిడకి రెండు చేతులా దణ్ణం పెట్టాడు. నా వైపు తిరిగాడు. ఆ ముఖంలో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఇన్నావేటిరా? అక్కర్నేదంట!"

రిక్షా ఎక్కమంటే ఎక్కలేదు. ఆసుపత్రి దగ్గర్నుంచి వన్ టౌన్ దాకా, ఆ కాలు ఈడ్చుకుంటూ, దగ్గుకుంటూ, తెలిసినవాళ్లని ఆపి చెప్పుకుంటూ నడిచాడు. నేను పక్కన నడిచాను. చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచాను. నాలుగుసార్లూ ఆయనే ఏదో అని నవ్వాడు. మధ్యలో కోడిని కొన్నాడు.

మధ్యాహ్నం అప్ప కోడికూర వండి, మా ఇద్దరికీ పీటలు వేసి, కంచాల్లో అన్నం పెట్టింది. జనవరి తర్వాత ఆమె నవ్వడం అదే మొదటిసారి. అప్పుడే పక్కింటి సన్యాసమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. ఆమె వీధి చివర ఇడ్లీలు అమ్ముకునే మనిషి. ఒంటరిది. రొమ్ములో గడ్డ ఉందనీ, సోమవారం ఆసుపత్రిలో చేరితే తీసేస్తారనీ, భయంగా ఉందనీ అప్పతో చెబుతోంది.

బావ కలిపిన ముద్ద కంచంలోనే పెట్టేసి ఆమె వైపు తిరిగాడు.

"ఎల్లకే సన్యాసమ్మా. నన్ను సూడు. జనవరిలో నాకూ ఇలాగే కాలు కోసేత్తామన్నారు. మావోడు ఆగమన్నాడు, ఆగాను. ఇయ్యాల ఆ డాటరమ్మే అక్కర్నేదంది. ఈళ్లకి కొయ్యడమంటే తొందరే. కొన్నాళ్లు ఆగు, మన మిషను అయిపోద్ది."

సన్యాసమ్మకి ప్రాణం లేచొచ్చింది. నన్ను అడిగింది. "నిజమేనా బాబూ? ఆగమంటావా?"

ముగ్గురూ నన్నే చూస్తున్నారు. రేపు ఆదివారం, ఆమెని ఒక్కదాన్నీ పక్కకి పిలిచి చెప్పొచ్చు కదా అనిపించింది. కానీ నా రేపులు ఎలాంటివో నాకు తెలుసు. అలాంటివి పద్దెనిమిది చూశాను.

"ఎల్లు. సోమవారమే ఎల్లు. ఒక్క రోజు కూడా ఆగకు" అన్నాను.

"అదేటిరా?" అని నవ్వాడు బావ. "నాకో మాట, దానికో మాటా?"

"నీకు సెప్పింది తప్పు బావా. మిషను నేదు, ఏటీ నేదు. ఆ పొడి వేడెక్కదు. నాను కొలవడమే తప్పు కొలిసాను." "డాటరమ్మ కొయ్యక్కర్నేదంది నయమైపోయి కాదు. అది ఊపిరితిత్తుల్లోకి ఎలిపోయింది. ఇప్పుడు కాలు తీసినా లాభం నేదు."

అప్ప చేతిలో గరిటె అలాగే ఉంది. బావ చాపిన కాలి వైపు చూసుకున్నాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"ఇరవై రోజులైంది."

"జనవరిలో ఎలిపోయుంటే?"

"కాలు పోయేది."

"కాలు సరే. నాను?"

ఇంకొక్క అబద్ధం చెప్పి ఉంటే బాగుండేదేమో. ఎలాగైనా ఇంతే అయ్యేది బావా, నీ రాత అలా ఉంది అని. నోటిదాకా వచ్చింది కూడా. గుమ్మంలో సన్యాసమ్మ చెవులు రిక్కించి వింటోంది.

"ఉండేవోడివి బావా" అన్నాను.

బావ తల ఊపాడు. దగ్గు తెర వచ్చింది, తగ్గేదాకా ఆగాడు. తర్వాత సన్యాసమ్మతో, "ఇన్నావు కదా. సోమారం ఎల్లిపో. ఎవుడు ఆగమన్నా ఆగకు, నాను సెప్పినా సరే" అన్నాడు.

ఆమె కొంగు నోట్లో కుక్కుకుని లేచి వెళ్లిపోయింది. అప్ప లేచి వచ్చి, నా ముందున్న కంచం తీసేసింది.